నూటికి ఎంత

బంగారుపాళెం మండీలో కాయ దించిన ప్రతిసారీ
నూటికింతని కమీషను పట్టుకుంటారు.
మచ్చ ఉందని ఇంకొంత,
తొడిమె కాడ పాలు కారిందని ఇంకొంత.
నూటికి లెక్క నాకేం కొత్త కాదు.

చిత్తూరు పెద్దాసుపత్రి శిబిరంలో
మొదట నా బిడ్డకి నూటికి డెబ్బై రాసినారు.
మళ్లీ పిలిచి నలభై ఐదు అన్నారు.
ఈ మధ్యలో వాడిలో ఏం పెరిగిందో ఏం తరిగిందో
కాగితం చెప్పలా, నేనూ అడగలా.
వెనక వరస మెట్ల దాకా ఉండాది,
బిడ్డలు విడిచేసిన చెప్పులు చేతబట్టుకోని
తల్లులు నిలబడి ఉండారు.

డాక్టరు అడిగింది నాలుగే మాటలు.
పేరు చెప్తాడా?
చెప్తాడు సార్, తనది కాదు, పలమనేరు బస్సుది.
తనంతట తింటాడా?
సంగటైతే తింటాడు. అన్నమైతే మెతుకులు ఏరి వరస పెడతాడు.
దుడ్లు గుర్తుపడతాడా?
నేను పట్టినానా ఇన్నాళ్లూ, అనబోయి మింగేసినాను.
నాలుగో మాట అడిగేలోపల
పైన తిరిగే ఫ్యాన్ని చూసి ఊగడం మొదలుపెట్టినాడు మునిశేఖరు.
ఆ ఊగడం ఏ గడిలోకీ రాలా.

పంతొమ్మిదేండ్లు.
నేను నీళ్లు పోసుకునేటప్పుడు
తలుపు జానెడు తెరిచే ఉంటాది.
జొరమొస్తే, సాయంత్రం దాకా ఆగమ్మా
అని జొరానికే చెప్పుకుంటాను.
పద్దెనిమిది దాటినాయని బడి తలుపేసుకునింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు తీసిందే లేదు.
నాకు మాత్రం తలుపేసుకోవడం చేతకాలా.

పాలకేంద్రం వసారాలో, క్యాన్లు కడిగేసినాక,
మాలాంటోళ్లం ఆరుమందిమి కూర్చున్నాం ఒకరోజు.
సచివాలయం నించి హేమావతి వచ్చింది, చిన్నపిల్ల,
పెన్ను మూత నోట్లో పెట్టుకోని అడిగింది:
"పింఛను సంగతి నేను చూస్తాను.
అది కాకుండా మీకేం కావాల?"

ఆ మాట ఎవురూ అడిగుండలేదు మమ్మల్ని.
దూరంగా ఎవురి బర్రెదో అరుపు.
దొరసానమ్మ, "నేను పోయినాక..." అని
కొంగు కొస మడతలు పెట్టుకుంటా ఉండిపోయింది.
షంషాద్ అనింది, "ఒక్క పెండ్లికి పోవాల.
ఆఖరి బంతి దాకా కూర్చోని తినాల."
నా వంతు వచ్చింది.
నిద్ర, అన్నాను.
హేమావతి నవ్వలా. రాసుకునింది.

ఆ రాత్రి మేమే ఒక కాగితం తయారుచేసినాం, నూరు లేని కాగితం.
ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు?
ఎవురు పక్కనుంటే గోళ్లు తీయనిస్తాడు?
తల్లికి జొరమొస్తే ఆ ఇంట్లో పొయ్యి ఎవురు ముట్టిస్తారు?
బిడ్డ కాళ్లు ఆసుపత్రికి ఎందుకు, ఆసుపత్రే గడప దాకా నడవలేదా?

అర్జీల సోమవారం పోయినాం.
రశీదిచ్చినారు.
మళ్లీ పోయినాం, మళ్లీ రశీదే.
ఆ తర్వాతెప్పుడో ఒకరోజు కుర్చీ ఇచ్చినారు.

ఇప్పుడు గురువారం గురువారం రాజారత్నం వస్తాడు.
ముందు ఆటో తోలేవాడు,
ఇరవై రోజులు తిరపతిలో నేర్చుకోనొచ్చినాడు.
రెండు గంటలు, నా బిడ్డ వాడి బిడ్డ.
మొదటి గురువారం తలుపెనకే కూర్చున్నాను.
రెండోసారి, ఉతికిన గుడ్డలే మళ్లీ ఉతికినాను.
ఎన్నో వారమో తెలీదు,
చాప మీద ఒరిగింది ఒక్కటే గుర్తు.

ఉలిక్కిపడి లేచినాను. ఇల్లంతా నిశ్శబ్దం.
పంతొమ్మిదేండ్లుగా నాకు నిశ్శబ్దం అంటే
ఏదో జరిగిపోయిందని.
పరిగెత్తినాను.

పెరట్లో మామిడి టెంకలు పొడుగ్గా వరసలో ఉండాయి.
ఆ చివర నా బిడ్డ కూర్చోని ఊగుతా ఉండాడు.
పక్కన రాజారత్నం,
తెలిసో తెలీకో, వాడి తాళానికే
కొంచెంగా ఊగుతా ఉండాడు.

వాడికి రెండు నెల్ల జీతం రాలేదంట.
సోమవారం మళ్లీ పోతాం.
ఈసారి అర్జీ రాజారత్నానిది,
వేలిముద్రలు మావి.